బోరబండ మిల్లీ మేస్త్రీ

వడ్ల లింగమూర్తి జీవితంలో టేపు పట్టలేదు. గోపన్‌పల్లిలో ఆయన చేతిమీదుగా వెళ్లిన తలుపులు, మంచాలు, నాగళ్లు అన్నీ బెత్తెడు, జాన, మూర లెక్కన పుట్టినవే. తన జానే జాన. ఇంకొకరు కొలిచి తెచ్చిన కొలతను నమ్మేవాడు కాదు. "నీ చెయ్యి నీదే, నా చెయ్యి నాదే. నా చెయ్యి కొలవంది నేను కొయ్య" అనేవాడు. ఆ మాటలో గర్వం ఉండేది, దానికి తగ్గ పనితనమూ ఉండేది. ఆయన నిలబెట్టిన దర్వాజాలు కొన్ని ఇప్పటికీ ఆ ఊళ్లో, నాలుగు దిక్కులా లేచిన అద్దాల మేడల మధ్య, కిర్రుమనకుండా తెరుచుకుంటున్నాయి.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా మగవాళ్లే. కూతురు రేఖ వంతుకు వచ్చింది చిత్రికపొట్టు. పొయ్యిలోకి ఆ పొట్టు ఏరుకుంటూ, చిత్రిక ఎటు తోస్తే కర్ర ఒప్పుకుంటుందో, ఎటు తోస్తే పెచ్చులు లేస్తాయో చూస్తూ పెరిగింది. ఒకసారి ఉలి పట్టుకుంటే తల్లి లాక్కుంది. "ఆడిపిల్ల ఉలి పడితే ఇల్లు మునుగుతదా?" అని రేఖ అడిగితే తండ్రి నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడం కూడా ఒక జవాబే. కులవృత్తుల గొప్పతనం గురించి వేదికలెక్కి మాట్లాడేవాళ్లు ఈ సంగతి చెప్పరు: ఆ గొప్పతనం ఇంట్లో సగం మందికి అందలేదు.

పెళ్లయి రేఖ బోరబండ చేరింది. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను ఆఫీసులకు చేరవేసే క్యాబ్ నడుపుతాడు. ఇల్లు గడవడానికి మూసాపేటలో ఒక ప్లైవుడ్ కార్ఖానాలో రంపపు పొట్టు ఊడ్చే పనికి కుదిరింది. అంటే చిన్నప్పటి పనే. కాకపోతే ఇక్కడ చిత్రిక లేదు, పెద్ద మిషన్ ఉంది. ప్లైవుడ్ పలకను బల్ల మీద పరిచి, కోయాల్సిన కొలత దగ్గర అడ్డు బిగించి తోస్తే అవతలికి ముక్కలై వస్తుంది. ఆ మిషన్ దగ్గరే ఆమె ఆ మాట మొదటిసారి విన్నది. ఆపరేటర్ అరుస్తున్నాడు: "ఒక్క మిల్లీ తక్కువైంది, ఈ పలక వాపసు."

వాపసు చేసిన పలకను రేఖ చేతిలోకి తీసుకుని చూసింది. దాని పక్కన సరైన పలక పెట్టి చూసింది. కంటికి తేడా దొరకలేదు. వేలితో అంచు తడిమితే దొరికింది. గోరు మందం ఉంటుందేమో. ఇంత చిన్నదానికి ఒక పేరుందా అని ఆశ్చర్యపోయింది.

పొట్టు ఊడ్చే రేఖ ముందు అంచుపట్టీ అంటించే మిషన్‌కీ, ఆ తరువాత కోత మిషన్‌కీ చేరడానికి కొన్నేళ్లు పట్టింది. ఎవరూ దయతలచి నేర్పలేదు. ఆపరేటర్ సెలవు పెట్టిన రోజుల్లో ఆమె అడిగి నిలబడింది, పాడుచేసిన పలకలకు తిట్లు తిన్నది, మళ్లీ నిలబడింది. ఆడమనిషి కోత మిషన్ దగ్గర ఉందని చూడటానికి పక్క షెడ్లవాళ్లు వచ్చేవారు. "మిల్లీ మేడం" అని పేరు పెట్టారు. వెక్కిరింపుకే పెట్టారు.

మన ఊరి కొలతల సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. హైదరాబాద్‌లో జాగా గజాల్లో కొంటాం. అదే జాగాలో కట్టిన ఫ్లాట్ అడుగుల్లో కొంటాం. ప్లైవుడ్ పలక పొడవు వెడల్పులు అడుగుల్లో చెప్పి, మందం మాత్రం మిల్లీమీటర్లలో అడుగుతాం. కార్పెంటర్లకు ఇవేవీ కాకుండా సూత్ అని ఇంకొకటి ఉంది. సూత్ అంటే నూలు దారం. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. మీటర్ల లెక్క చట్టమై తాతల కాలం అయింది, అయినా టేపు మీద పై అంచున అంగుళాలు, కింది అంచున సెంటీమీటర్లు పక్కపక్కనే, ఒకరి ముఖం ఒకరు చూడని తోడికోడళ్లలా కాపురం చేస్తున్నాయి. ఈ రెంటికీ మధ్య మార్కెట్ ఒక ఒప్పందం చేసుకుంది. అర అంగుళం ప్లై అంటే పన్నెండు మిల్లీ. అంగుళం అంటే పాతిక. అడుగు అంటే మూడు వందలు. అందరూ అంటారు కాబట్టి అదే నిజం.

నిజానికి అడుగంటే మూడు వందల మిల్లీల మీద ఇంకో ఐదుకు కొంచెం తక్కువ. ఆ ఐదుతో ఇంట్లో ఒక అలమర చేసేవాడికి పనేం పడదు.

రేఖ మేస్త్రీ అయింది. కార్ఖానాలో కోయించుకుని, సైట్‌లో బిగించే సొంత జట్టు పెట్టుకుంది. జట్టులో పెద్దవాడు మధుకర్, లింగమూర్తి దగ్గర పని నేర్చుకున్న చివరి మనిషి. కొండాపూర్, మాదాపూర్ ఫ్లాట్లలో సగం వంటగదులు తానే చేశానని చెప్పుకుంటాడు, అందులో అబద్ధం పెద్దగా ఉండదు. గురువు కూతురి కింద పనిచేయడానికి ఒప్పుకున్నాడు కానీ మేస్త్రీ అని ఒక్కసారీ పిలవలేదు. "చెల్లె" అంటాడు. కోపమొస్తే "మిల్లీ మేడం" అంటాడు.

సొంత పేరు మీద రేఖకు దొరికిన మొదటి పెద్ద పని రాయదుర్గం వైపు ఒక టవర్ సెల్లార్‌లో. దాని కథ ఆమెకంటే ముందు మొదలైంది. ఆ టవర్‌లో ఊడ్చే, తుడిచే, బాత్రూంలు కడిగే ఆడవాళ్లు నలభై మంది. వచ్చినప్పుడు కట్టుకున్న చీర విడిచి యూనిఫాం వేసుకోవడానికి వాళ్లకు గది లేదు. జనరేటర్ వెనక ఒకరికొకరు చున్నీ అడ్డం పట్టుకుని మార్చుకునేవారు. సంచులు నీళ్ల పైపులకు తగిలించేవారు. పై అంతస్తుల్లో ఒక వెబ్‌పేజీ కొన్ని మిల్లీ సెకండ్లు ఆలస్యంగా తెరుచుకుంటే మీటింగ్ పెట్టి తలలు పట్టుకుంటారు. కింద చీర మార్చుకునే చోటు కోసం ఈ ఆడవాళ్లు ఏళ్లు ఆగారు. వాళ్లలో పెద్దది కిష్టమ్మ. యూనియన్ అనే మాటకు భయపడే పిల్లలను కూడగట్టి, పనివేళ అయ్యాక గేటు దగ్గర కూర్చోబెట్టి, ఆఖరికి ఒక గదికి, అందులో మనిషికొక తాళం డబ్బాకు యాజమాన్యాన్ని ఒప్పించింది.

రెండు పిల్లర్ల మధ్య గోడ వెంబడి ఇరవై డబ్బాలు. ఒక్కోదానికి పైన ఒక తలుపు, కింద ఒక తలుపు. నలభై మందికి నలభై. డ్రాయింగ్ వేసింది రసజ్ఞ అనే ఇంటీరియర్ డిజైనర్. తల్లిదండ్రులు భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, తను పుట్టింది కూకట్‌పల్లిలోనే. కాగితం మీద అంకెలన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి. కొలతలు సరిచూసుకునే రోజున చాయ్ తాగుతూ రేఖ ఎన్నాళ్ల నుంచో ఉన్న సందేహం అడిగింది.

"మేడం, ఈ మిల్లీ అన్నది ఎవరి మాట? ఇంగ్లీషోళ్లదా?"

"కాదండీ. లాటిన్. పాత రోమన్లు వెయ్యిని మిల్లె అనేవాళ్లు. వాళ్ల సైనికులు వెయ్యి జంట అడుగులు నడిస్తే ఎంత దూరమో అదే మైలు. మన మైలురాయిలో ఉన్నది కూడా ఆ వెయ్యేనండి."

"మరి వెయ్యి అంటే పెద్దది గద. గింత చిన్నదానికెట్ల పెట్టిండ్రు?"

రసజ్ఞ ఇది ఎవరైనా అడుగుతారని ఎప్పటినుంచో కాచుకున్నట్టుంది. కుర్చీ ముందుకు లాక్కుంది. "ఫ్రాన్స్‌లో రాజును దించేశారు చూడండి, అప్పుడు పెట్టారండి. అంతకుముందు ఊరికో కొలత. జమీందారు ధాన్యం కొలుచుకునేటప్పుడు ఒక పాత్ర, ఇచ్చేటప్పుడు ఒక పాత్ర. జనం విసిగిపోయి, దేశమంతటికీ ఒకటే కొలత కావాలని అర్జీలు పెట్టుకున్నారు. అలా వచ్చింది మీటర్. దాన్ని వెయ్యి రెట్లు పెంచితే గ్రీకుల వెయ్యి పేరు, కిలో. వెయ్యి వంతులు చేస్తే ఒక వంతుకి రోమన్ల వెయ్యి పేరు, మిల్లీ. పెద్దవాటికి గ్రీకు, చిన్నవాటికి లాటిన్ అని పంచేశారండి."

పక్కన నేల తుడుస్తున్న కిష్టమ్మ చెయ్యి ఆపింది. "మా ఊళ్ల దొరకు గూడ రెండు కుంచాలుండె బిడ్డా. తీస్కునేది పెద్దది, ఇచ్చేది చిన్నది. మా నాయన చెప్పేటోడు. వాళ్లు రాజును దించిండ్రంటున్నవ్ గద, మంచి పని జేసిండ్రు."

"మిలియన్ గూడ గదేనా మేడం?" రేఖ అడిగింది. "టాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్‌కు మేం గూడ పోయినం."

"అదేనండి. పెద్ద వెయ్యి అని అర్థం." రసజ్ఞ నవ్వింది. "ఆ రోజు మా నాన్నగారు మమ్మల్ని ఇంట్లోంచి కదలనివ్వలేదు."

"కదిలితే మేమేం కొరుకుతుంటిమా? మీ నాయనకు జర చెప్పుండ్రి, మీ అమ్మాయి గిప్పుడు మాతోనే చాయ్ తాగుతున్నదని."

ఆ రోజు నుంచి రేఖకు ఆ మాట ఎక్కడ చూసినా కనిపించసాగింది. అత్త వేసుకునే బీపీ గోలీల అట్ట మీద మిల్లీగ్రాములు. పిల్లల దగ్గు మందు మూత లోపల గీతల పక్కన మిల్లీలీటర్లు. ఫోన్ బ్యాటరీ మీద మిల్లీ ఆంపియర్లు. టీవీలో వాన కబురు చెప్పేవాళ్లు బోరబండలో ఇన్ని మిల్లీమీటర్లు అంటారు, ఇళ్లలోకి నీళ్లొచ్చేది చెప్పరు. అన్నిటికంటే ఆమెకు నచ్చింది కరెంటు బోర్డులోది. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోంచి పోతుంటే ముప్పై మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెంపేసే స్విచ్ ఒకటి ఉంటుంది. అది లేని బోర్డుకు తన జట్టు మిషన్ల వైర్ పెట్టనివ్వదు. చాలా సైట్లలో అది ఉండదు. పనివాడి ప్రాణం ఖరీదు కంటే ఆ స్విచ్ ఖరీదు ఎక్కువ అనుకునే కాంట్రాక్టర్లు మన నగరంలో కావలసినంత మంది.

తప్పు జరిగింది ఆ స్విచ్ గొడవలోనే. డబ్బాలకు పలకలు కోసే రోజున మధుకర్ మూసాపేట కార్ఖానాలో ఉన్నాడు. రేఖ సెల్లార్‌లో ఎలక్ట్రీషియన్‌తో, స్విచ్ పెడితేనే పని మొదలుపెడతానని వాదిస్తోంది. ఫోన్ మోగింది.

"చెల్లె, డబ్బా వెడల్పు మూడొందలని ఉన్నది పేపర్ల. అడుగే గద?"

"ఆఁ, అడుగే అన్నా. కోసెయ్యి" అని పెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి డబ్బాలన్నీ తయారై గోడ వెంబడి వరుసగా నిలబడసాగాయి. మొదటి నాలుగూ నిలిచాయి. పదీ నిలిచాయి. పందొమ్మిదోది నిలిచాక రేఖ మిగిలిన ఖాళీలో జాన పెట్టి చూసింది. ఇరవయ్యోదాన్ని ఇద్దరు ఎత్తి తెచ్చి పిల్లర్ దగ్గర దింపారు. అది లోపలికి పోలేదు. దాదాపు నాలుగు వేళ్ల మందం బయటికే ఉంది.

మధుకర్ గడ్డం గోక్కున్నాడు, కంగారు పడలేదు. "గోడ తప్పు గావచ్చు. ఇగ గిది ఎప్పుడైన ఉండేదే. ఆఖరిది సర్దుకుంటది."

ఆఖరిది సర్దుకుంటది. ఇది కార్పెంటర్ల సూత్రం. వంటగదిలో అలమరలన్నీ బిగించాక మిగిలిన సందులో, ఆ సందెంత ఉంటే అంత వెడల్పున చివరి డబ్బా చేస్తారు. తప్పులన్నీ దానిలోకి పోతాయి. మీ వంటింట్లో పళ్లేలు నిలబెట్టుకునే ఆ ఇరుకు గూడు చూడండి. అది డిజైన్ అని మీకు చెప్పి ఉంటారు.

రేఖ టేపు తీసి ఒక డబ్బా కొలిచింది, కింది అంచు వైపు. మూడు వందల ఐదు. పక్కది కొలిచింది. అదీ అంతే. గోడ తప్పు కాదు. ఒక్కోదాంట్లో ఐదు, ఇరవై కలిసి వంద.

టవర్ నిర్వహణ చూసే చలపతిరావు వచ్చాడు. కోపిష్టి కాదు, సోమవారం అనే భయం ఉన్న మనిషి. "చూడండి రేఖగారూ, సోమవారం పొద్దున పైవాళ్లు చూడ్డానికొస్తారండి. అప్పటికి ఇది పూర్తయి కనపడాలి. కరెంటు కార్ల ఛార్జింగ్‌కి ఈ జాగా కావాలని పార్కింగ్‌వాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారండి. సగం విప్పి ఉన్న గది చూస్తే వాళ్లకే ఇచ్చేస్తారు. చివరిది కాస్త చిన్నది చేసెయ్యండి. ఎవరు చూడొచ్చారు?"

చూడొచ్చినవాళ్లు గుమ్మంలోనే ఉన్నారు. షిఫ్ట్ దిగి, తమ డబ్బాలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు.

"చిన్నదంటే ఎంత చిన్నది?" వాళ్లలో రేణుక అనే ఆమె అడిగింది.

మధుకర్ చేతులతో చూపించాడు. మూడో వంతు పోతుంది.

"ఇంతనా? టిఫిన్ అడ్డం పెడితే సంచి పట్టదు. సంచి పెడితే చెప్పులు పట్టయి. పైనొకలు, కిందొకలు, ఇద్దరికి గిట్లనే. ఎవలకు?"

ఇన్నాళ్లూ గేటు దగ్గర ఒక్కటిగా కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు కిష్టమ్మ అంది, "పైది నాకియ్యుండ్రి. నా దగ్గరేమున్నది, ఒక చీర, ఒక తంబాకు డబ్బి. కిందిది కొత్తగొచ్చిన పిల్లకిద్దాం. లొల్లి ఎందుకు, ఉన్న గది పోతది."

"అదీ మాట" అన్నాడు చలపతిరావు, బరువు దిగినట్టు.

రేఖకు బరువు దిగలేదు. ఎవరు ముందు నిలబడి అడిగారో ఆమె వాటాకు వెలితి. ఎవరికి నోరు లేదో ఆ పిల్ల వాటాకు వెలితి. ఎక్కడైనా లెక్క తప్పితే ఆ తప్పంతా తీసుకెళ్లి చివర నిలబడ్డవాళ్ల మీద పడేయడం ఈ దేశానికి ఉన్న పాత అలవాటు. దాన్ని చెక్కతో కట్టి బిగించే పని ఇప్పుడు ఆమె చేతుల్లో ఉంది. అలాగని విప్పితే, సోమవారానికి తిరిగి నిలబడకపోతే, నలభై మందీ మళ్లీ జనరేటర్ వెనకే. తన పేరు మీద మొదటి పనీ ఆఖరి పనీ అదే అవుతుంది.

"చిన్నది చెయ్య" అంది. "అన్నీ విప్పుదాం. ఒక్కోదాంట్లకెళ్లి ఐదు మిల్లీలు తీద్దాం. అందరి దగ్గర ఐదు తీస్తే ఎవ్వరికి తెల్వది. ఇద్దరి దగ్గరనే వంద తీస్తే వాళ్లకు రోజూ తెలుస్తది."

మధుకర్ ముఖం మారింది. "ఇరవై విప్పుడా? తలుపులు, అడుగులు, వెనక పలకలు, అన్నీ మళ్ల కోసుడు, మళ్ల అంచులు పట్టించుడు. మీ నాయనకు లేని చాదస్తం నీకెక్కడిదే? ఇన్నేండ్లు నేను సర్దిన ఆఖరి డబ్బాలను ఏ ఇంటోడన్న తప్పన్నడా? మిల్లీ మేడం నాకు పని నేర్పుతదట." పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. జట్టులో మిగిలిన ఇద్దరూ అతని వెనక చూశారు, రేఖ వైపు చూశారు, అలాగే నిలబడిపోయారు.

రేఖ స్క్రూ మిషన్ తీసుకుని మొదటి డబ్బా తనే విప్పడం మొదలుపెట్టింది. కొంతసేపటికి మిగిలిన ఇద్దరూ పక్క డబ్బాలు విప్పడానికి కూర్చున్నారు. ఇంకొంతసేపటికి రేణుక చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చింది. "స్క్రూలు ఏ డబ్బాయి ఆ డబ్బాకే కుప్ప పోస్త. గంతే గద? గింజలు చెరిగినట్టే." ఆమె వెనక ఇంకొందరు. పలకల మీద ఏ డబ్బాది ఏదో సుద్దతో అంకెలు వేయడం, ఆటో ట్రాలీ దాకా మోయడం వాళ్లే చేశారు. చలపతిరావు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. మూడోసారి వచ్చి సర్వీస్ లిఫ్ట్ తాళం చేతికిచ్చాడు.

శనివారం పొద్దున రేఖ మధుకర్‌కు ఫోన్ చేసింది. "అన్నా, ఒక మాట. నువ్వు అడగనే అడిగినవ్, అడుగే గద అని. అడుగే అని చెప్పింది నేను. తప్పు నీ చేతిది గాదు, నా నోటిది. నిన్న అందరి ముంగట నేను ఆ మాట చెప్పాల్సుండె. చెప్పలె. నీ మీదికి పోనిచ్చిన."

"నేను జెప్పిన్నా ఆ మాట ఎవలకన్న?" అన్నాడు మధుకర్.

"చెప్పలె."

"మరి నువ్వెందుకు చెప్తున్నవ్?"

"ఇయ్యాల వచ్చినంక అందరి ముంగట గూడ చెప్త. వస్తవా?"

"అంచులు పగలకుండ ఐదు మిల్లీ చెక్కుడు ఆ పోరగాండ్లకు వస్తదనుకుంటున్నవా? సన్నగ తీస్తుంటే పట్టీ లేస్తది. ముందు పట్టీ తీసి, కోసి, కొత్తది పట్టియ్యాలె. మిషన్ ఆపి పెట్టు, వస్తున్న."

మూసాపేట కార్ఖానాలో రేఖ అందరి ముందూ చెప్పింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, పలకలు తోయడంలో ఉన్నారు. మధుకర్ మాత్రం విన్నాడు. కోత మిషన్ అడ్డు బిగిస్తూ, టేపును తిరగేసి కింది అంచు పెట్టి కొలిచాడు. కళ్లద్దాలు నుదుటి నుంచి కిందికి లాక్కుని మళ్లీ కొలిచాడు. "రెండొందల తొంభై తొమ్మిదిన్నర చూపిస్తున్నది" అన్నాడు.

"అర మిల్లీ పెంచు అన్నా."

"అర మిల్లీ గూడ చూస్తవా నువ్వు?"

"ఇరవై అరలు పది గద."

అతను నోట్లో ఏదో అనుకుంటూ అడ్డును జరిపాడు. అనుకున్నదేమిటో రేఖకు వినపడలేదు, అడగలేదు.

ఆదివారం సాయంత్రానికి డబ్బాలు తిరిగి సెల్లార్‌లో నిలబడసాగాయి. సెలవు రోజైనా ఆడవాళ్లు వచ్చారు. రసజ్ఞ కూడా వచ్చింది, పని చూడటానికి అని చెప్పి పలకలు అందిస్తూ ఉండిపోయింది. పందొమ్మిది నిలబడ్డాయి. మధుకర్, ఇంకొకరు కలిసి ఇరవయ్యోదాన్ని ఎత్తి తెచ్చారు. పిల్లర్‌కూ వరుసకూ మధ్య పెట్టి నెమ్మదిగా తోశారు. ఎక్కడా రాసుకోకుండా, ఎక్కడా కొట్టకుండా లోపలికి పోయి, మిగతా వాటి భుజాలకు భుజం కలిపి ఆగింది.

రేణుక వెనక్కి నడిచి, ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. "ఇప్పుడు జెప్పుండ్రి, ఏది ఆఖరిది?"

సోమవారం పైవాళ్లు వచ్చారు, చూశారు, బాగుందన్నారు, ఫోటో దిగి వెళ్లారు. అయిదు నిమిషాల పని. గది ఆడవాళ్లదైంది. మధ్యాహ్నం షిఫ్ట్ మారే వేళకు కిష్టమ్మ వరుస నడుమ ఉన్న ఒక డబ్బా ఎంచుకుంది. చీర మడిచి పెట్టింది, తలుపు మూసింది, తాళం వేసి లాగి చూసింది. ఇన్నేళ్లుగా ఆ టవర్‌లో ఎన్ని గదుల తలుపులు తుడిచిందో, తన తాళం పడిన తలుపు ఇదొక్కటే. తాళంచెవి కొంగుకు ముడేసుకుంటూ రేఖతో అంది, "నేను చిన్నది తీస్కుంటనన్న గద. తీస్కుంటే నన్ను జూసి రేపొచ్చేటి పిల్లలు గూడ చిన్నదే తీస్కుందురు. నువ్వు ఆపినవ్, మంచిగైంది మేస్త్రీ."

మేస్త్రీ అన్న ఆ మాటను ముందు అందుకున్నది మధుకర్. జట్టుకు చాయ్ చెబుతూ, "మేస్త్రీకి చక్కెర తక్కువ" అన్నాడు. తను ఏమన్నాడో తనే గమనించినట్టు లేదు. జట్టులో ఇద్దరూ గమనించారు. అప్పటి నుంచి మూసాపేట షెడ్లలో మిల్లీ మేడం పోయి మిల్లీ మేస్త్రీ వచ్చింది. ఇప్పుడది వెక్కిరింపు కాదు. ఫలానా సైట్‌లో వరుస పొడుగ్గా ఉంది, ఎవరిని పిలుద్దాం అంటే చెప్పే పేరు.

ఇప్పుడు రేఖ జట్టులో తొమ్మిది మంది. నలుగురు ఆడవాళ్లు. అందులో ఒకరు కోత మిషన్ నడుపుతారు, ఊడ్చే పనితో మొదలుపెట్టాల్సిన అవసరం లేకుండానే. జట్టులో ఎవరి టేపు తీసుకుని చూసినా పై అంచు నల్లగా ఉంటుంది. అంగుళాల వైపంతా పాలిష్ రంగు పూసేశారు. మొదట పూసిన టేపు మధుకర్‌ది. పూసింది కూడా అతనే. ఆ మధ్య ఒక ఫ్లాట్ యజమాని అతని చేతిలో టేపు చూసి, ఇదేంటి పాడైపోయింది, కొత్తది కొనుక్కోలేదా అని అడిగాడట.

"పాడు గాలె సార్" అన్నాడట మధుకర్. "గిదే కొత్తది. ఇంతకీ మీ అలమరకు ఎన్ని మిల్లీలు గావాలె?"